ఆర్‌లోకి కాలువ గేజి ఫైళ్లు: 30 రోజుల ఫైలు 20 వరుసలే వస్తోంది, తేదీలు 1వ సంవత్సరంలోకి పోతున్నాయి

లంకగాలి

గోదావరి సెంట్రల్ డెల్టాలో గన్నవరం కాలువ, అమలాపురం కాలువ, బెండమూర్లంక కాలువల మీద 9 లాకుల (కాలువ గేట్ల) రోజువారీ గేజి (నీటిమట్టం) రీడింగులు ఆర్‌లోకి (డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) ఎక్కించాలి. 2022 సార్వా (ఖరీఫ్), జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా. ఒక్కో లాకుకి నెలకో ఫైలు, అంటే 45 సీఎస్‌వీలు (విలువల మధ్య కామాలుండే ఫైళ్లు). వీటితో పాటు మండలాల వర్షపాతం ఒక ఎక్స్ఎల్ఎస్ ఫైలు. నా దగ్గరున్నది విండోస్ 11, ఆర్ 4.3, ఆర్‌స్టూడియో.

3వ లాకు జూన్ ఫైల్లోంచి శీర్షిక వరుస, నడిమి మూడు వరుసలు:

తేదీ,లాకు,గేజి,డిశ్చార్జి,రిమార్కు
10-06-2022,03,4'6,850,
11-06-2022,03,4'7",870,
12-06-2022,03,4'9",910,తలుపు ఎత్తారు

11వ తేదీ నుంచి వేరేవాళ్లు రాసినట్టుంది, అంగుళాల గుర్తు పెట్టడం మొదలెట్టారు. నేను ఇచ్చిన ఆజ్ఞ ఇంతే:

గేజి <- రీడ్.సీఎస్‌వీ("లాకు03_జూన్.సీఎస్‌వీ")

తంటాలు ఇవండీ.

1. 30 వరుసలకి 20 వచ్చాయి. ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు. జులై ఫైలు 31కి 21 వచ్చాయి, అక్కడ మాత్రం "ఈఓఎఫ్ వితిన్ కోటెడ్ స్ట్రింగ్" అని హెచ్చరిక.
2. లాకు 03 కాస్తా 3 అయింది.
3. కొన్ని ఫైళ్లలో మొదటి కాలమ్ పేరు ముందు పిచ్చి అక్షరాలు తగులుకున్నాయి.
4. యాజ్.డేట్ పెడితే 01-06-2022 అన్నది 0001-06-20 అవుతోంది.
5. కొన్ని ఫైళ్లలో డిశ్చార్జి అంకెగా రావడం లేదు, మాటగా వస్తోంది.
6. వర్షపాతం ఫైలు ఎక్సెల్లో తెరుచుకుంటుంది. రీడ్ఎక్సెల్ ప్యాకేజీతో మాత్రం తెరవలేనంటోంది.

45 ఫైళ్లూ ఒక్కోటీ ఎక్సెల్లో తెరిచి దిద్దుకుందామా అనుకుంటున్నా. అంతకంటే దారి ఉందా?


పంటకాలువ

ఎక్సెల్లో తెరిచి దిద్దే పని మాత్రం పెట్టుకోకండి. ఎందుకో చివర్లో చెబుతా. (ఫంక్షన్ పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నా. కన్సోల్లో మామూలు ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టండి, చుక్కలూ బ్రాకెట్లూ ఉన్నవి ఉన్నట్టే.)

వరుసలు మాయమవడానికి కారణం అంగుళాల గుర్తు. రీడ్.సీఎస్‌వీ దృష్టిలో ఆ జంట కొటేషన్ గుర్తు అంగుళం కాదు, "ఇక్కణ్నుంచి మాట మొదలు" అనే సంకేతం. 11వ తేదీ వరుసలో 4'7 తర్వాత ఆ గుర్తు కనబడగానే, మళ్లీ అలాంటి గుర్తు ఎదురయ్యేదాకా ఉన్నదంతా ఒకే గడిలోకి మింగేస్తుంది. మధ్యలో కామాలున్నా సరే, వరుస మారినా సరే. మళ్లీ గుర్తు ఎదురయ్యేది 12వ తేదీ గేజి దగ్గర. అక్కడ మింగడం ఆగి, తర్వాతి కామా నుంచి మామూలుగా సాగుతుంది. అలా రెండు వరుసలు ఒకటయ్యాయి, కాలమ్‌ల లెక్క మాత్రం సరిగ్గా అయిదే ఉంది. అందుకే దానికి అనుమానం రాలేదు.

11 నుంచి 30 దాకా 20 వరుసలు, అంటే 10 జంటలు. పైన 10, కింద 10, మొత్తం 20. జులైలో 11 నుంచి 31 దాకా 21 వరుసలు. 10 జంటలు పోగా చివరి గుర్తుకి జత లేదు, ఫైలు అయిపోయేదాకా వెతికింది, కాబట్టి హెచ్చరిక వచ్చింది. అంటే ఆ హెచ్చరిక బేసి సంఖ్యకే వస్తుంది, సరి సంఖ్య అయితే చడీచప్పుడూ ఉండదు. వరుసలు పోవడం ఒక ఎత్తు, మిగిలిన వరుసలు తప్పుగా ఉండటం ఇంకో ఎత్తు: 11వ తేదీ పక్కన కూర్చున్న 910 క్యూసెక్కులు నిజానికి 12వ తేదీవి. తేదీలు 11, 13, 15 అని ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయేమో చూడండి. గేజి కాలమ్‌లో ఆ గడిని ప్రింట్ చేస్తే రెండో రోజు తేదీ అందులోనే కనబడుతుంది.

మందు: కోట్ = "" అని పెట్టడం. ఏ గుర్తునీ ప్రత్యేకంగా చూడొద్దని దానర్థం. ఇంకో మాట, రీడ్.టేబుల్ వాడేవాళ్లకి ఒంటి కొటేషన్ గుర్తుతో కూడా ఇదే గొడవ. దాని డిఫాల్టులో అడుగుల గుర్తు కూడా కోటే. రీడ్.సీఎస్‌వీకి జంట గుర్తు ఒక్కటే.

అయితే అన్ని ఫైళ్లకీ గుడ్డిగా కోట్ = "" పెట్టకండి. మీ 5వ తంటా చూస్తే కొన్ని ఫైళ్లు ఎవరో ఎక్సెల్లోంచి సేవ్ చేసినవి. వాటిలో డిశ్చార్జి "1,050" అని గుర్తుల మధ్య ఉంటుంది, గేజి "4'7""" అని ఉంటుంది. ఎక్సెల్ తన పద్ధతిలో చుట్టూ గుర్తులు పెట్టి, లోపలి గుర్తుని రెట్టింపు చేస్తుంది. అలాంటి ఫైలుని డిఫాల్టు కోట్‌తో చదివితేనే సరిగ్గా వస్తుంది. కోట్ = "" పెడితే 1,050 రెండు ముక్కలై కాలమ్‌లు జరిగిపోతాయి. ఏది ఏ రకమో తేల్చడం తేలికే: కామా పక్కనే గుర్తు మొదలైతే ఎక్సెల్ రకం.

పంక్తులు <- రీడ్‌లైన్స్(ఫైలు)
ఎక్సెల్‌రకం <- ఎనీ(గ్రెప్ఎల్(',"', పంక్తులు, ఫిక్స్‌డ్ = ట్రూ))

అసలు ఏ ఫైలైనా సరే, ముందు రీడ్‌లైన్స్‌తో ఓ 15 పంక్తులు కళ్లతో చూడనిదే రీడ్.సీఎస్‌వీ జోలికి పోకూడదు. శీర్షిక పైన ఆఫీసు పేరు, నెల పేరు రాసిన పంక్తులు ఉంటే స్కిప్ (పైన వదిలేయాల్సిన పంక్తులు) ఎంతో కూడా అక్కడే తెలుస్తుంది.

చదివే ఆజ్ఞ:

ఒకటి <- రీడ్.సీఎస్‌వీ(ఫైలు, కాల్‌క్లాసెస్ = "క్యారెక్టర్", ఫైల్‌ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8-బీఓఎం", ఎన్ఏ.స్ట్రింగ్స్ = "", స్ట్రిప్.వైట్ = ట్రూ, కోట్ = ఇఫ్ (ఎక్సెల్‌రకం) "\"" ఎల్స్ "")

కాల్‌క్లాసెస్ = "క్యారెక్టర్" అంటే అన్నీ మాటలుగానే రానివ్వమని. 03 అలాగే 03గా ఉంటుంది. ఏ కాలమ్ అంకె, ఏది తేదీ అన్నది ఆర్ ఊహించకూడదు, మనం ఒక్కోటీ చెప్పి మార్చాలి. ఊహ తప్పితే ఆర్ నోరు విప్పదు, అదే ప్రమాదం.

ఫైల్‌ఎన్‌కోడింగ్ చివరన బీఓఎం అన్నది మీ 3వ తంటాకి. ఎక్సెల్లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" రకంగా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు పెడుతుంది. ఆ మూడు బైట్లే మీకు పిచ్చి అక్షరాలై కనబడుతున్నాయి. ఆ గుర్తు లేని ఫైళ్లకి కూడా ఇదే పెట్టినా నష్టం లేదు. ఉంటే తీసేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. మామూలు "సీఎస్‌వీ కామా డీలిమిటెడ్" రకంగా ఎవరైనా సేవ్ చేసి ఉంటే మాత్రం రిమార్కుల్లో తెలుగంతా వరసగా ప్రశ్నార్థకాలై ఉంటుంది. అది ఆర్ తప్పు కాదు, ఫైల్లోనే తెలుగు పోయింది, ఏ ఎన్‌కోడింగ్ పెట్టినా తిరిగి రాదు. అసలు ఫైలు తెప్పించుకోవడమే.

తేదీ సంగతి. యాజ్.డేట్‌కి నమూనా ఇవ్వకపోతే ముందు సంవత్సరం-నెల-రోజు అని ప్రయత్నిస్తుంది. 01-06-2022 లో 01ని సంవత్సరం అనుకుంది, 06ని నెల అనుకుంది, 2022లో మొదటి రెండంకెలు 20ని రోజు అనుకుంది, మిగిలిన 22ని వదిలేసింది. అందుకే అన్ని తేదీలూ 20వ తారీఖే అవుతాయి. దీనికీ హెచ్చరిక రాదు. నమూనా మీరే ఇవ్వండి:

తేదీ <- యాజ్.డేట్(తేదీ, ఫార్మాట్ = "%డి-%ఎం-%వై")

ఇక్కడ డి, ఎం చిన్నక్షరాలు, వై పెద్దక్షరం. చిన్న వై పెడితే రెండంకెల సంవత్సరం అనుకుని 2022ని 2020గా చదువుతుంది. పెద్ద ఎం పెడితే నిమిషాలు. తర్వాత రేంజ్(తేదీ) కొట్టి 2022-06-01, 2022-10-31 రెండు కొసలూ వచ్చాయో లేదో చూడండి.

డిశ్చార్జికి కామాలు తీసేస్తే చాలు:

డిశ్చార్జి <- యాజ్.న్యూమరిక్(జీసబ్(",", "", డిశ్చార్జి))

1,050 అయినా, బ్యారేజి దగ్గర లెక్కల్లా 10,25,000 అయినా ఇదొక్కటే పని చేస్తుంది, కామా ఎన్నంకెలకి పడిందన్నది దీనికి పట్టదు.

ఇక ఎక్సెల్లో తెరవొద్దని ఎందుకన్నానంటే, తెరిచి సేవ్ కొట్టిన క్షణంలో 03 కాస్తా 3 అవుతుంది, తేదీలు ఆ కంప్యూటర్లో ఏ దేశపు అమరిక ఉంటే ఆ పద్ధతికి మారతాయి. భూముల ఫైళ్లలో అయితే మరీ ఘోరం, సర్వే నంబరు 12/3 అన్నది మార్చి 12 అయి కూర్చుంటుంది. వెనక్కి మారుద్దామంటే మొదట్లో ఉన్నది 12/3నో 12-3నో ఎవరికి తెలుసు? చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, సేవ్ చేయకుండా మూసేయండి.


కొబ్బరాకు

6వదానికి నేను చెబుతానండి. ఎక్సెల్లో తెరిచినప్పుడు "ఫైలు రకమూ, పేరు చివర ఉన్నదీ సరిపోలడం లేదు, అయినా తెరవమంటారా" అని అడిగిందా? అడిగితే అది ఎక్సెల్ ఫైలే కాదు. వెబ్ పేజీలో ఉండే హెచ్‌టీఎంఎల్ పట్టికకి చివర ఎక్స్ఎల్ఎస్ అని పేరు తగిలించి ఇచ్చారు. పోర్టళ్లలో "ఎక్సెల్‌కి ఎగుమతి" బటన్ నొక్కితే వచ్చేవి చాలావరకు ఇలాంటివే. ఎక్సెల్ సర్దుకుపోయి తెరుస్తుంది. రీడ్ఎక్సెల్ సర్దుకుపోదు. రీడ్‌లైన్స్(ఫైలు, ఎన్ = 3) కొట్టండి. కోణపు బ్రాకెట్లలో టేబుల్, టీఆర్ లాంటివి కనబడితే రూఢి అయినట్టే.

దానికి ఆర్‌వెస్ట్ ప్యాకేజీ:

పేజీ <- రీడ్_హెచ్‌టీఎంఎల్("వర్షం.ఎక్స్ఎల్ఎస్", ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8")
పట్టికలు <- హెచ్‌టీఎంఎల్_టేబుల్(పేజీ, కన్వర్ట్ = ఫాల్స్)

కన్వర్ట్ = ఫాల్స్ మర్చిపోవద్దు. పంటకాలువ గారు చెప్పిన "మాటలుగానే రానివ్వండి" సూత్రమే ఇది. వచ్చేది పట్టికల జాబితా. మొదటిది తరచుగా శీర్షిక పెట్టెగా ఉంటుంది, అసలు సరుకు రెండోదో మూడోదో అవుతుంది. శీర్షిక రెండు వరుసల్లో ఉంటే (పైన నెల, కింద తేదీలు) రెండో వరుస డేటాలోకి దిగిపోతుంది, దాన్ని తీసి కాలమ్ పేర్లు మీరే పెట్టుకోవాలి.

నిజమైన ఎక్సెల్ ఫైలే అయితే రీడ్_ఎక్సెల్(ఫైలు, కాల్_టైప్స్ = "టెక్స్ట్"). అప్పుడు తేదీలు 44743 లాంటి అంకెలుగా వస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఎక్సెల్ తేదీని లోపల రోజుల లెక్కగానే దాస్తుంది:

యాజ్.డేట్(యాజ్.న్యూమరిక్(తేదీ), ఆరిజిన్ = "1899-12-30")

44743 అంటే 2022 జులై 1. ఇక్కడే అసలు పట్టు ఉంది. జులై 1 రావాల్సిన చోట 44568 వచ్చిందంటే అది జనవరి 7. అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్లో 01-07-2022 అని కొడితే దాన్ని ఎక్సెల్ జనవరి 7గా తీసుకుంది. 13వ తేదీ నుంచి 13వ నెల ఉండదు కాబట్టి ముట్టుకోకుండా మాటగానే వదిలేస్తుంది. అందుకని ఒకే కాలమ్‌లో 12 దాకా అంకెలు, 13 నుంచి మాటలు కనబడితే తేదీలు తిరగబడ్డాయని అర్థం. అంకెలుగా ఉన్నవాటిలో రోజునీ నెలనీ తారుమారు చేసుకోవాలి, మాటలుగా ఉన్నవాటికి మామూలు నమూనా చాలు. కాల్_టైప్స్ = "టెక్స్ట్" పెడితే ఈ తేడా కంటికి కనబడుతుంది.

వర్షం కాలమ్‌లో ఏం రాశారో యూనిక్‌తో చూడండి. సున్నా, "నిల్", గీత, ఖాళీ, "ఎన్ఆర్" అన్నీ ఉంటాయి. చాలామంది వీటన్నిటినీ ఎన్ఏ.స్ట్రింగ్స్‌లో పడేస్తారు. తప్పు. నిల్ అంటే వాన పడలేదు, అది 0. ఎన్ఆర్ అన్నది కొలత నమోదు కాలేదనే అర్థంలో రాసి ఉంటే అది ఎన్ఏ (విలువ తెలియదని ఆర్ పెట్టే గుర్తు). గీత మాత్రం ఒక్కో చోట ఒక్కో అర్థం, ఆ ఫైలు తయారు చేసినవాళ్లని అడగాల్సిందే. నిల్‌ని ఎన్ఏ చేశారంటే సగటు వర్షం పైకి లేస్తుంది, పొడి రోజులన్నీ లెక్కలోంచి పోతాయి కదా.

గేజితో కలిపేముందు ఇంకోటి. వర్షపాతం ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా కురిసినది, రెండో రోజు తేదీ మీద రాస్తారు. జులై 5 మీద ఉన్న వాన చాలావరకు 4న పడిందే. గేజి ఏ గంటకి చదివారో చూసుకుని ఒక రోజు జరపాలో వద్దో తేల్చుకోండి.

జిల్లా కాలమ్ మీద కలపకండి. 2022 ఏప్రిల్ 4కి ముందు ఫైళ్లలో అమలాపురం తూర్పు గోదావరి, ఆ తర్వాత కోనసీమ. మండలం మీద కలపడం మేలు.


దాళ్వా_డేటా

పంటకాలువ గారి పద్ధతి సరైనదే కానీ కోట్ లెక్క అంత చుట్టు తిరగక్కర్లేదు అంటాన్నేను. డేటా.టేబుల్ ప్యాకేజీలో ఎఫ్‌రీడ్ ఉంది. గడి మొదట్లో గుర్తు ఉంటేనే దాన్ని కోట్‌గా చూస్తుంది. 4'7" లో గుర్తు చివర ఉంది కాబట్టి పట్టించుకోదు. ఎక్సెల్ రకం ఫైలూ, చేత్తో రాసిన ఫైలూ ఒకే ఆజ్ఞతో వస్తాయి. బీఓఎం గుర్తుని కూడా అదే తీసేస్తుంది.

ఒకటి <- ఎఫ్‌రీడ్(ఫైలు, కాల్‌క్లాసెస్ = "క్యారెక్టర్", ఎన్ఏ.స్ట్రింగ్స్ = "", ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8")

కాల్‌క్లాసెస్ ఇక్కడా పెట్టాల్సిందే, లేకపోతే 03 మళ్లీ 3. ఒక లోపం: ఎక్సెల్ రకం ఫైళ్లలో 4'7"" అని రెట్టింపు గుర్తు అలాగే మిగిలిపోవచ్చు. గేజిని ఎలాగూ విడగొట్టి అడుగులు చేస్తాం కాబట్టి దానివల్ల బాధ లేదు.

45 ఫైళ్లూ ఒక్కసారే ఎక్కించడానికి:

ఫైళ్లు <- లిస్ట్.ఫైల్స్("డి:/గేజి", ప్యాటర్న్ = "[.]సీఎస్‌వీ$", ఫుల్.నేమ్స్ = ట్రూ)
నేమ్స్(ఫైళ్లు) <- బేస్‌నేమ్(ఫైళ్లు)
అన్నీ <- ఆర్‌బైండ్‌లిస్ట్(ఎల్అప్లై(ఫైళ్లు, ఎఫ్‌రీడ్, కాల్‌క్లాసెస్ = "క్యారెక్టర్", ఎన్ఏ.స్ట్రింగ్స్ = "", ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8"), యూజ్.నేమ్స్ = ట్రూ, ఫిల్ = ట్రూ, ఐడీకాల్ = "ఫైలు")

దారిలో ముందుకి వాలిన గీతే వాడండి. విండోస్ వెనక్కి వాలిన గీత అలాగే అతికిస్తే ఆర్ దాన్ని వేరే అర్థంలో తీసుకుంటుంది. మీ ఆర్ 4.3 కాబట్టి తెలుగు ఫైలు పేర్లకి ఇబ్బంది లేదు. 4.2కి ముందు విండోస్‌లో అవి కోడ్ సంఖ్యలుగా కనబడేవి.

ఐడీకాల్ తప్పనిసరి. ఏ వరుస ఏ ఫైల్లోంచి వచ్చిందో తర్వాత అదొక్కటే చెబుతుంది. ఫిల్ = ట్రూ వల్ల ఒక ఫైల్లో "డిశ్చార్జ్" అనీ, ఇంకో దాంట్లో "డిశ్చార్జి" అనీ ఉంటే ఎర్రర్ రాదు, ఊరికే రెండు కాలమ్‌లు అవుతాయి. కాబట్టి నేమ్స్(అన్నీ) చూసి ఆరింటికి మించి ఉంటే (మీ అయిదు, ఫైలు పేరొకటి) ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోండి.

వరుసల లెక్క ముందే వేసి పెట్టుకోండి: 30 + 31 + 31 + 30 + 31 = 153 రోజులు. 9 లాకులకి 1377. ఎన్ఆర్ఓడబ్ల్యూ(అన్నీ) సరిగ్గా ఇదే రావాలి.

ఇక గేజి. అంకెలు కానివన్నీ ఖాళీ చేసి రెండు ముక్కలు తీయడం నయం, గుర్తులు ఎలా రాసినా తట్టుకుంటుంది:

ముక్కలు <- టీస్ట్రింగ్‌స్ప్లిట్(ట్రిమ్‌డబ్ల్యూఎస్(జీసబ్("[^0-9]+", " ", గేజి)), " ")
అడుగులు <- యాజ్.న్యూమరిక్(ముక్కలు[[1]]) + యాజ్.న్యూమరిక్(ముక్కలు[[2]]) / 12

ఉత్త అడుగులే ఉండి అంగుళాలు లేని చోట (4' అని) రెండో ముక్క ఎన్ఏ అవుతుంది, దాన్ని 0 చేసుకోండి.


లంకగాలి

ముగ్గురికీ ధన్యవాదాలండి. ఎఫ్‌రీడ్ దారిలో వెళ్లాను. తేదీలు, లాకు కోడ్లు, డిశ్చార్జి అన్నీ దారికొచ్చాయి. వర్షం ఫైలు కూడా, కొబ్బరాకు గారు అన్నట్టే హెచ్‌టీఎంఎల్ పట్టిక, రెండోదాంట్లో ఉంది సరుకు.

మిగిలినవి మూడు. వరుసలు 1377 కాదు, 1408 వచ్చాయి. డిశ్చార్జిలో 17 చోట్ల యాజ్.న్యూమరిక్ తర్వాత ఎన్ఏ వస్తోంది, కంటికి మాత్రం మామూలు అంకెలే. ఇంకోటి, 7వ లాకు వాళ్లు గేజి 4'7" అని కాకుండా 4.7 అని రాశారు. పైన ఇచ్చిన సూత్రం దాన్ని 4 అడుగుల 7 అంగుళాలుగా తీసుకుంది. అది 4.7 అడుగులో, 4 అడుగుల 7 అంగుళాలో తెలీడం లేదు. ఆగస్టులో 4.10, 4.11 కూడా ఉన్నాయి.


దాళ్వా_డేటా

1408లోంచి 1377 తీస్తే 31. ఏదో 31 రోజుల నెల ఫైలు రెండుసార్లు ఎక్కింది. లెంగ్త్(ఫైళ్లు) 46 వస్తుంది చూడండి. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్లో 1 అని పడుతుంది కదా, అదే అయ్యుంటుంది. యూనిక్‌తో తీసేద్దామనుకోకండి, ఐడీకాల్ ఉన్నందువల్ల రెండు కాపీలూ వేరువేరుగా కనబడతాయి. పైగా ఆ రెండో ఫైలు దిద్దుబాటు చేసి మళ్లీ పంపినదేమో. లాకు, తేదీల మీద జత కలిపి గేజి తేడా ఉందో లేదో చూసి, ఏది చివరిదో తేల్చుకుని, మరోదాన్ని ఫోల్డర్లోంచే తీసేయండి.


పంటకాలువ

17 ఎన్ఏలు: ఆ గడుల్లో అంకె పక్కన విరగని ఖాళీ అక్షరం (నాన్-బ్రేకింగ్ స్పేస్) ఉండి ఉంటుంది, వెబ్ పేజీలోంచి అతికించినప్పుడు వచ్చేది. ట్రిమ్‌డబ్ల్యూఎస్ డిఫాల్టుగా దాన్ని తీయదు. ఆ గడులకి ఎన్‌క్యార్ (అక్షరాల లెక్క) కొట్టండి, 870కి 3 రావాల్సింది 4 వస్తే అదే. తీయడానికి:

ట్రిమ్‌డబ్ల్యూఎస్(డిశ్చార్జి, వైట్‌స్పేస్ = "[\\హెచ్\\వి]")

ఇక్కడ హెచ్, వి రెండూ చిన్నక్షరాలు. ఇకమీదట యాజ్.న్యూమరిక్ చేసే ముందు మాటల కాలమ్‌ని పక్కన ఉంచుకోండి. మాట ఉండి అంకె ఎన్ఏ అయిన వరుసలు మాత్రమే విడిగా ప్రింట్ చేస్తే కారణం అక్కడే కనబడుతుంది.

7వ లాకు సంగతి పెద్దది. చుక్క తర్వాత ఏమేం ఉన్నాయో పట్టిక వేయండి:

టేబుల్(సబ్("^[0-9]+[.]?", "", గేజి))

0 నుంచి 11 దాకా మాత్రమే ఉండి, 12 నుంచి 99 దాకా ఒక్కటీ లేకపోతే అవి అంగుళాలు. 25, 35, 75 లాంటివి ఉంటే దశాంశ అడుగులు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు అంటారే, అవి దశాంశాలు. 75 అంగుళాలు ఎక్కడా ఉండవు కదా. మీ 7వ లాకులో 4.10, 4.11 ఉండి, 12 పైన ఏమీ లేవంటే వాళ్లు రాసింది అంగుళాలే, దాళ్వా గారి సూత్రం తీసిన లెక్క సరైనదే. దశాంశాలని తేలిన ఫైలుంటే మాత్రం ఆ సూత్రంలోకి పంపకండి, 4.75 కాస్తా 4 అడుగుల 75 అంగుళాలు, అంటే పదడుగుల పైన అయిపోతుంది.

ఇది మాటగా చదివారు కాబట్టి దొరికింది. అంకెగా చదివి ఉంటే 4.10 కాస్తా 4.1 అయి, 4 అడుగుల 10 అంగుళాలు 4 అడుగుల 1 అంగుళంగా మారేది. ముప్పావు అడుగు తేడా, అదీ వరద రోజుల్లో.

అయితే ఒక చిక్కు. 7వ లాకు నెలల్లో ఏదైనా ఎక్సెల్లోంచి సేవ్ చేసిన ఫైలు ఉంటే, ఆ ఫైల్లోనే 4.10 ఇప్పటికే 4.1 అయిపోయి ఉంటుంది. ఆర్ చేయగలిగింది లేదు. నెలలవారీగా విడగొట్టి చూడండి: ఒక నెలలో 10 ఒక్కసారి కూడా లేకుండా 9, 11 ఉంటే అనుమానించాలి. 4.9 తర్వాత 4.1, తర్వాత 4.11 అని వస్తే మధ్యది పది అంగుళాలే. 4.2, 4.1, 4.0 అని దిగుతుంటే ఒక అంగుళమే. అటూ ఇటూ కాని చోట లాకు దగ్గర రిజిస్టరు తెరవాల్సిందే.


లంకగాలి

ఆయ్, పట్టిక వేశాను. 7వ లాకులో చుక్క తర్వాత 0 నుంచి 11 దాకానే ఉన్నాయి. సెప్టెంబరు ఫైలొక్కటే ఎక్సెల్ రకం. అందులో 10 అసలు లేదు, 4.1 మాత్రం ఆరుసార్లు ఉంది. పక్క రోజులు చూస్తే నాలుగు చోట్ల పది అంగుళాలని స్పష్టంగా తెలుస్తోంది. మిగిలిన రెండూ 18, 19 తేదీలు, అటూ 4.6 ఇటూ 4.5, ఎటూ తేలడం లేదు. ఆ రెండూ ఎన్ఏగా పెట్టి, రిజిస్టరు ఫొటో అడిగాను.

డూప్లికేటు ఫైలు 5వ లాకు ఆగస్టుది. రెండో కాపీలో మూడు రోజుల గేజి దిద్ది ఉంది, కాబట్టి మొదటిది తీసేశాను. ఇప్పుడు 1377. మాటల కాలమ్‌లతో సహా సేవ్‌ఆర్‌డీఎస్‌తో దాచాను.


పంటకాలువ

రిజిస్టరు ఫొటో వచ్చాక ఆ రెండు గడులూ చేత్తో దిద్దకండి. లాకు, తేదీ, సరైన విలువ, ఎక్కడ చూశారు అనే నాలుగు కాలమ్‌లతో దిద్దుబాట్ల సీఎస్‌వీ ఒకటి పెట్టుకుని, చదివే స్క్రిప్టు చివర్లో దాన్ని కలపండి. వచ్చే ఏడాది ఫైళ్లు వచ్చాక స్క్రిప్టు మళ్లీ నడిపితే చేత్తో దిద్దినవి నిలవవు.